అటక మీది పాత సామాను: గృహ వ్యర్థముల కథ

అన్నవరములో రత్నగిరి మీద సత్యనారాయణ స్వామిని దర్శించి దిగివచ్చు యాత్రికుని చేతిలో ఒక ఎండుటాకు పొట్లము ఉండును. గోధుమ నూకను బెల్లముతోను, నేతితోను వండిన ప్రసాదము అందులో ఉండును. ప్రసాదము తిని ఆకును పారవేసినచో దానిని మేక తినును. మేక తినకున్న చెదలు తినును. చెదలు కూడ తినకున్న ఒక వానకాలము గడచునప్పటికి అది మట్టిలో కలిసిపోవును. అదే మెట్ల పక్కన పడిన పాలిథీన్ సంచి ఈ ఏడు పడినది వచ్చే ఏడు కూడ అక్కడనే కనిపించును. ఆకునకు, సంచికి గల ఈ భేదములో గృహ వ్యర్థముల చరిత్ర సగము ఇమిడి ఉన్నది. ఆ రెండింటిని ఏరి వేరుచేయు మనుష్యుల కథ మిగిలిన సగము.

రత్నగిరి మీద ఆలయము 1891లో వెలసినది. ఆ తరువాత రెండేండ్లకు తూర్పు తీరపు రైలు మార్గము ఈ ప్రాంతమున తెరువబడుట ఆరంభమైనది. 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరి మీద వంతెన పూర్తి అయినది. నాడు రైలు దిగి కొండ ఎక్కిన యాత్రికులు తమ వెంట తెచ్చుకొన్న వస్తువులు ఏవి? ఇత్తడి చెంబు, నూలు బట్ట, ఆకులో కట్టిన అన్నము, మట్టి ముంత. వీనిలో మట్టిలో కలియనిది ఇత్తడి ఒక్కటే. దానిని పారవేయువాడు లేడు. కనుక ఆ కాలపు యాత్రికుని వెనుక మిగిలిన చెత్తను తొలగించుటకు ప్రత్యేకమైన ఏర్పాటు అవసరము కాలేదు. ప్రకృతియే ఆ పని చేసెను.

సంక్రాంతి ముందు ఇంటి దులుపు

గోదావరి జిల్లాలలో సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుట ఆచారము. బూజు దులిపి, గోడలకు వెల్ల వేసి, అటక మీది సామానును కిందికి దింపుదురు. ఏడాది పొడుగున ఎవరికిని జ్ఞాపకము రాని వస్తువులన్నియు ఆనాడు ముంగిట చేరును. చిల్లుపడిన బిందె, కాలు విరిగిన పీట, అల్లిక తెగిన మంచము, చినిగిన చీరలు, పగిలిన జాడీ, చెదలు పట్టిన పుస్తకములు. ఇంటిని ఖాళీచేయుట అను పనికి తెలుగువారు పెట్టుకొన్న వార్షిక ముహూర్తమిది.

దింపిన వస్తువులలో భోగి మంటకు పోవునది కొంత మాత్రమే. తక్కిన వానికి ఒక్కొక్క దానికి ఒక్కొక్క గిరాకి ఉండెను. చిల్లుపడిన బిందెకు మొదట మాటు వేయించుదురు. మాటుకు కూడ లొంగనప్పుడు దానిని తూకమునకు ఇచ్చి, మజూరీ చెల్లించి, కొత్తది తెచ్చుకొందురు. పశ్చిమ గోదావరి ప్రాంతములోని అజ్జరము ఇత్తడి సామానుకు పేరుపొందిన గ్రామము. ఇత్తడి రాగి, తుత్తునాగముల మిశ్రలోహము. సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడికి అది కరగును. కరగించినంత మాత్రమున లోహ పరమాణువులు చెడవు. కనుక తాతగారి చెంబు మనుమరాలి పెండ్లి బిందెలో భాగము కావచ్చును. తుత్తునాగము కొంత ఆవిరియై పోవును కాబట్టి దానిని మరల చేర్చవలసి యుండును. నష్టము అంతే.

చినిగిన నూలు చీరలను పొరలు పొరలుగా పరచి బొంతలు కుట్టెడివారు. బొంత కూడ చినిగిన తరువాత మసిగుడ్డ, అటు పిమ్మట దీపపు వత్తి. కిరసనాయిలు వచ్చిన తరువాత దాని డబ్బాకు కలిగిన గౌరవము చెప్పనలవి కాదు. నాలుగు గాలనులు, అనగా సుమారు 18 లీటర్లు పట్టు ఆ తగరపు పూత డబ్బా నీళ్లు మోయుటకు, బియ్యము పోసుకొనుటకు, తులసి మొక్క పెంచుటకు ఉపయోగపడెను. విప్పి సాగగొట్టిన రేకు పాకకు తలుపైనది. తరువాతి కాలమున వీధిలోనికి బండివాడు వచ్చి పాత ఇనుమునకు ఉల్లిపాయలు, పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చెడివాడు. చిత్తు కాగితములు తూకమునకు పోయి కిరాణా కొట్టులో పొట్లములయ్యెను. వీరందరిని కలిపి చూచినచో, నేడు పునర్వినియోగ పరిశ్రమ అని పిలువబడుచున్నది ఆనాడే వీధి వీధిన తిరిగినదని తెలియును.

ఇల్లు విప్పునప్పుడు

సామాను సంగతి అటుంచి ఇంటినే తొలగింపవలసి వచ్చినప్పుడు ఏమి జరిగెడిది? గోదావరి సీమలోని పాత మండువా లోగిళ్లను కూలగొట్టుట అనరు, విప్పుట అందురు. ఈ మాటలోనే ఒక శాస్త్రము ఉన్నది. గూన పెంకులను ఒకటొకటిగా దింపి పేర్చుదురు. వాసములు, దూలములు, ద్వారబంధములు కలప అడితికి పోవును. గోదావరి మీదుగా తెప్పలు కట్టి తెచ్చిన టేకు నూరేండ్ల తరువాత కూడ మరియొక ఇంటికి గడపగా పనికివచ్చును.

ఇటుకలు కూడ చెక్కుచెదరక ఊడివచ్చును. దీనికి కారణము గానుగ సున్నము. సున్నపురాయిని కాల్చగా వచ్చిన సున్నమును నీటితో చల్లార్చి, ఇసుకతో కలిపి, ఎద్దులు త్రిప్పు గానుగలో నూరెడివారు. గోడలో పెట్టిన తరువాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకొని మరల సున్నపురాయిగా మారును. ఈ బంధము గట్టిదే కాని ఇటుక కంటె మెత్తనిది. ఉలితో తట్టినచో సున్నము రాలును, ఇటుక మిగులును. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందిన పోర్ట్‌లాండు సిమెంటు రీతి వేరు. నేటి సిమెంటు అడుసు పెక్కు ఇటుకల కంటె గట్టిగా పట్టును. అట్టి గోడను పగులగొట్టునప్పుడు ఇటుకయే విరుగును. కట్టడములో కలిగిన లాభము విప్పుటలో నష్టమైనది.

ఈ శిథిలములను ఏమి చేయవలయునను ప్రశ్నకు భారత ప్రభుత్వము 2016 మార్చిలో ప్రత్యేక నిబంధనలను ప్రకటించినది. హైదరాబాదులోని జీడిమెట్లలో 2020లో ఇట్టి శిథిలములను నలిపి, జల్లించి, కంకరగాను, ఇసుకగాను మార్చు కర్మాగారము ఆరంభమైనది. పూర్వము ఉలి, సుత్తి పట్టిన ఇద్దరు కూలీలు చేసిన పనికి నేడు పెద్ద యంత్రము కావలసివచ్చినది.

పెంటపోగు నుండి కంపోస్టు వరకు

ఇంటి చెత్తలో మిక్కిలి బరువైన భాగము వంటింటిది. కూరగాయల తొక్కలు, విస్తరాకులు, బూడిద, పేడ కలిసి పెరటిలో పెంటపోగు అయ్యెను. వేసవిలో బండ్ల మీద పొలమునకు తోలెడివారు. ఐతే ఎండకు, వానకు విడిచిన పెంటపోగులో నత్రజని చాలవరకు ఆవిరియై గాని, నీటితో కొట్టుకొని గాని పోవును. ఈ లోపమును సరిదిద్దిన ప్రయోగములు భారతదేశముననే జరిగినవి.

ఆల్బర్ట్ హోవర్డ్ అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు 1924లో ఇందోరులో స్థాపితమైన వృక్ష పరిశ్రమ సంస్థకు అధిపతియై, యశ్వంత్ వాద్ అను సహచరునితో కలిసి వ్యవసాయ వ్యర్థములను ఎరువుగా మార్చు పద్ధతిని క్రమబద్ధము చేసెను. వారి గ్రంథము 1931లో వెలువడినది. దానినే ఇందోరు పద్ధతి అందురు. చెత్తను, పేడను పొరలుగా పరచి, తగినంత తడిపి, గాలి తగులునట్లు అప్పుడప్పుడు తిరుగవేసినచో సుమారు మూడు నెలలలో ఎరువు సిద్ధమగును.

ఇందులోని రహస్యము సూక్ష్మజీవుల ఆహారపు పాళ్లు. నత్రజని ఒక పాలునకు కర్బనము సుమారు 30 పాళ్లు ఉన్నచో అవి చురుకుగా వృద్ధి పొందును. ఎండుగడ్డిలో కర్బనము ఎక్కువ, కూరగాయల తొక్కలలోను, పేడలోను నత్రజని ఎక్కువ. రెండింటిని కలిపినప్పుడు పాళ్లు సరిపడును. పని ముమ్మరముగా సాగునప్పుడు పోగు నడుమ వేడి 60 డిగ్రీలు దాటును. ఆ వేడికి ఈగ పురుగులు, కలుపు విత్తులు, రోగక్రిములు పెక్కు నశించును.

1939 ప్రాంతమున బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య పట్టణములకు తగిన మరియొక పద్ధతిని రూపొందించెను. కందకములలో చెత్తను పొరలుగా నింపి పైన మట్టితో మూయుదురు. తిరుగవేయు పని లేదు, కాని ఆరు నుండి ఎనిమిది నెలల కాలము పట్టును. 1940లలో ఆహారోత్పత్తిని పెంచు ఉద్యమములో భాగముగా పట్టణ కంపోస్టుకు ప్రోత్సాహము లభించినది. 1970లలో కొన్ని పెద్ద నగరములలో యంత్రములతో నడచు కంపోస్టు కర్మాగారములు కూడ వెలసినవి. వానిలో పెక్కు మూతపడినవి. గాజు పెంకులు, ప్లాస్టిక్ పీలికలు కలిసిన ఎరువును పొలములో చల్లుకొనుటకు రైతు ఒప్పుకొనలేదు. సూక్ష్మజీవులు తమ పని తాము చేసినవి. చెత్తను వేరుచేయక పంపిన మనుష్యులే తమ పని చేయలేదు.

పారిస్ నగరపు మూడు డబ్బాలు

చెత్తను వీధిలో పారవేయరాదను కట్టడి మిక్కిలి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రములోనే బాట మీద చెత్త పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురద నీటితో దారిని అడ్డగించినవానికి నాలుగవ వంతు జరిమానా చెప్పబడినది. రాజమార్గమైనచో ఇది రెట్టింపు. ఐతే చెత్తను ఇంటిలోనే వేరుచేయవలెనను ఆజ్ఞకు ప్రసిద్ధమైన ఉదాహరణము పారిస్‌లో కనిపించును. 1883 నవంబరులో ఆ నగరమున్న సేన్ మండలపు అధికారి యూజీన్ పుబెల్, ప్రతి ఇంటి యజమాని మూత గల డబ్బాలను ఏర్పాటు చేయవలెనని శాసించెను. కుళ్లునది ఒకదానిలో, కాగితము, గుడ్డ మరియొకదానిలో, గాజు, పింగాణి, ఆల్చిప్పలు మూడవదానిలో వేయవలెను. ఇంటి యజమానులు ఖర్చని విసుగుకొన్నారు. వీధులలో గుడ్డపీలికలు ఏరి బ్రతుకువారు తమ జీవనోపాధి పోవునని మొరపెట్టిరి. ఆ అధికారి పేరే ఫ్రెంచి భాషలో చెత్తడబ్బాకు పేరై నిలిచినది.

ఆ కాలమున గుడ్డపీలికకు అంత విలువ ఎందుకు? చిరకాలము ఐరోపాలో కాగితమునకు ముఖ్యమైన ముడిసరుకు పాత గుడ్డయే. 1800 ప్రాంతమున లండనులో మత్తియాస్ కూప్స్ అచ్చు వేసిన కాగితమునుండి సిరాను తొలగించి మరల కాగితము చేయుటకు పేటెంటు పొందెను. 1813లో యార్క్‌షైరులోని బాట్లీలో బెంజమిన్ లా పాత ఉన్ని బట్టలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడకి మరల బట్ట నేయించెను. వ్యర్థమును ముడిసరుకుగా చూచు బుద్ధి పరిశ్రమల యుగముతో పాటే పెరిగినది.

యుద్ధకాలము ఈ బుద్ధిని మరింత పదును పెట్టినది. 1918లో అమెరికాలో విషవాయువు నుండి సైనికులను కాపాడు ముసుగుల కొరకు కొబ్బరి చిప్పలను, పీచ్ పండ్ల టెంకలను ప్రజలనుండి సేకరించిరి. వానిని గాలి లేకుండ కాల్చగా వచ్చు బొగ్గులో లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రములు ఉండును. అవి విషవాయువును పట్టి నిలుపును. మన దేవాలయములలో నిత్యము కొట్టు కొబ్బరికాయల చిప్పలు ఇదే జాతివి. నీటిని శుద్ధిచేయు బొగ్గునకు అవి నేడు కూడ శ్రేష్ఠమైన ముడిసరుకు. పీచు తాళ్లకు పోవును, పీచునుండి రాలిన పొట్టు మొక్కల కుండీలకు పోవును. కొబ్బరికాయలో పారవేయదగినది ఏదియు లేదని కోనసీమ రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు.

పాలిథీన్ రాక

1933 మార్చిలో ఇంగ్లండులోని ఒక రసాయన కర్మాగారపు ప్రయోగశాలలో ఎథిలీన్ వాయువును గొప్ప పీడనమునకు లోనుచేయగా పాత్రలో తెల్లని మైనము వంటి పదార్థము కనిపించినది. అదియే పాలిథీన్. వేలకొలది కర్బన పరమాణువులు గొలుసుగా కూడిన అణువు అది. తేలిక, నీరు తగులదు, కుళ్లదు, చవుక. ఈ సుగుణములే దానికి శాపమైనవి. ఆకులోని సెల్యులోజును విడగొట్టు కిణ్వములు సూక్ష్మజీవులకు కోట్లాది సంవత్సరములుగా ఉన్నవి. పాలిథీన్ గొలుసును త్రెంచు సాధనము వానికి దాదాపు లేదు. ఎండకు ఆ సంచి పెళుసై ముక్కలగును, ముక్కలు మరింత చిన్న ముక్కలగును, కాని మట్టి కాదు.

20వ శతాబ్దపు చివరి పాదములో ఈ సంచి పల్లెలకు చేరినది. ఆకు పొట్లము, కాగితపు పొట్లము, గుడ్డసంచి చేయు పనులన్నియు అది ఒక్కటే చేసినది. బండివానికి మాత్రము అది అక్కరకు రాలేదు. మురికి పట్టిన పలుచని సంచులు వేయి ఏరినను తూకమునకు రావు. ఇట్లు మొదటిసారిగా ఇంటిలో ఎవరికిని అక్కరలేని వస్తువు ప్రవేశించినది. అది కాలువలకు అడ్డుపడినప్పుడు నీరు నిలిచినది, నిలిచిన మురుగునీటిలో దోమ పెరిగినది. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయు క్యూలెక్స్ దోమకు ఇట్టి నీరే ఇల్లు. ఆ వ్యాధితో చిరకాలము బాధపడిన గోదావరి జిల్లాలవారికి ఇది చిన్న సంగతి కాదు.

భోగి మంటలోని రసాయనము

ఇప్పుడు అటక మీది సామాను దగ్గరకు మరల వత్తము. పూర్వపు భోగి మంటలో పడినవి దుంగలు, పిడకల దండలు, పనికిరాని కొయ్య సామాను. కొయ్య కాలినప్పుడు ముఖ్యముగా బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి వెలువడును. పొగ కూడ వచ్చును. అది ఊపిరికి మంచిది కాదు. ఐనను మిగిలిన బూడిదలో సున్నము, పొటాషు ఉండును. అది అంట్లు తోముటకు, పాదులకు పనికివచ్చెను.

నేడు అదే మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, తీగల తొడుగులు పడుచున్నవి. టైరు పొగలో కర్కవ్యాధిని కలిగించు పదార్థములు ఉండును. తీగ తొడుగులైన పి.వి.సి.లో క్లోరిన్ ఉన్నది. అది కాలినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వచ్చును. అంతకంటె ప్రమాదకరమైన డయాక్సిన్లు పొగ 450 నుండి 200 డిగ్రీలకు చల్లబడు సమయమున ఏర్పడును. తీగలోని రాగి ఆ చర్యను త్వరపరచును. 1976 జూలై 10న ఇటలీలోని సెవెసో వద్ద ఒక రసాయన కర్మాగారము నుండి డయాక్సిన్ వెలువడి ఊళ్లను ఖాళీచేయవలసి వచ్చిన తరువాత ప్రపంచము ఈ పేరు విన్నది. మరుసటి ఏటనే డచ్చి శాస్త్రజ్ఞులు చెత్తను కాల్చు కొలిమి బూడిదలో డయాక్సిన్లను కనుగొనిరి. ఇవి కొవ్వులో కరగును, శరీరములో సంవత్సరముల కొలది నిలుచును, పశువుల పాల ద్వారా పిల్లలకు చేరును.

పాత తలుపుల విషయములో మరియొక జాగ్రత్త ఉన్నది. భారతదేశములో ఇంటి రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు రంగు వేసిన కొయ్యలో సీసము ఎక్కువగా ఉండవచ్చును. దానిని మంటలో వేసినచో ఆ సీసము పొగలోను, బూడిదలోను చేరును. అట్టి బూడిదతో అంట్లు తోమరాదు, పాదులకు వేయరాదు.

డయాక్సిన్లు మొదలగు చిరకాల విషములను అరికట్టుటకు 2001లో స్టాక్‌హోమ్‌లో అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. ఆరుబయట చెత్తను కాల్చుటను అది డయాక్సిన్ల ఉత్పత్తిస్థానములలో ఒకటిగా పేర్కొన్నది. భారతదేశము దానిని 2006 జనవరి 13న, సరిగా భోగి, సంక్రాంతి దినములలో ధ్రువీకరించుట యాదృచ్ఛికమే కాని జ్ఞాపకముంచుకొనదగినది. 2016 డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానము ఆరుబయట చెత్తను కాల్చువారికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తములో కాల్చినచో 25,000 రూపాయలు జరిమానా విధింపవలెనని ఆదేశించినది. పండుగకు మంట అడ్డు కాదు. మంటలో పడుచున్న వస్తువు మారినది, దానిని గుర్తింపవలెను.

చట్టములు, పట్టణములు

1994 సెప్టెంబరులో సూరతు నగరమున ప్లేగు భయము దేశమును కుదిపినది. లక్షలాది జనులు నగరమును విడిచి పోయిరి. పట్టణముల చెత్త అందరి నోట పడినది. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీముకోర్టులో వ్యాజ్యము వేసిరి. దాని ఫలితముగా 2000 సంవత్సరములో పట్టణ ఘన వ్యర్థముల నిబంధనలు వెలువడినవి. 2016 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధనలు పుణ్యక్షేత్రములకు కూడ వర్తించునట్లు పరిధిని పెంచి, తడి చెత్త, పొడి చెత్త, ఇంటి ప్రమాదకర వ్యర్థములు అని మూడు విధములుగా ఇంటిలోనే వేరుచేయవలెనని విధించినవి. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ గరిటెలు, గ్లాసులు, పళ్లెములు మొదలగు ఒక్కసారి వాడి పారవేయు కొన్ని వస్తువులు నిషేధింపబడినవి.

చట్టము రాకముందు గాని, వచ్చిన తొలినాళ్లలో గాని తెలుగు పట్టణములు ఊరకుండలేదు. అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట 2000ల తొలి సంవత్సరములలో వీధి కుండీలను తొలగించి, ఇంటింటి నుండి తడి చెత్తను, పొడి చెత్తను విడివిడిగా సేకరించి, ఒకదానిని వానపాముల ఎరువుగాను, మరియొకదానిని తూకముగాను అమ్మి దేశము దృష్టిని ఆకర్షించినది. ఆంధ్రప్రదేశ్ పల్లెలలో చెత్త నుండి సంపద తయారీ కేంద్రములను పేరుతో షెడ్లు వెలసినవి. 2021 అక్టోబరు 2న విజయవాడలో ఆరంభమైన కార్యక్రమములో పట్టణ గృహములకు ఆకుపచ్చ, నీలము, ఎరుపు రంగుల డబ్బాలు మూడేసి పంచిరి. పారిస్‌లో పుబెల్ విధించినది కూడ మూడు డబ్బాలే. ఆ రెండింటి నడుమ గడచినది 138 సంవత్సరములు.

మూడు డబ్బాల వెనుక ఒక ప్రకృతి సూత్రము ఉన్నది. పంచదారను ఇసుకలో కలుపుటకు క్షణము చాలును. మరల వేరుచేయుటకు నీరు, వడపోత, వేడి, కాలము కావలెను. కలియుట దానంతట అది జరుగును, వేరుచేయుటకు శక్తి వెచ్చింపవలెను. వంటింటిలో రెండు చేతుల దూరములో వేరుగా ఉన్న అరటి తొక్కను, కాగితమును ఒకే డబ్బాలో వేసినప్పుడు రెండును చెడును. తడిసిన కాగితమును కొనువాడు లేడు, ప్లాస్టిక్ కలిసిన ఎరువును వాడువాడు లేడు.

ఏరువారు

ఆ వేరుచేయు శక్తిని ఎవరో ఒకరు వెచ్చింపవలెను. ఇంటివారు మానినచో వీధిలో మరియొకరు చేయుదురు. ఇక్కడ గతమును పొగడుటకు వీలులేదు. పాత ఊరిలో చెత్త కనిపించకుండుటకు ప్రకృతి ఒక్కటే కారణము కాదు. ఊరి మురికిని ఎత్తు పనిని కొన్ని కులముల నెత్తిన పెట్టి, ఎత్తినవారినే అంటరానివారని దూరముంచిన ఏర్పాటు కూడ కారణమే. పాకీపనిని నిషేధించు చట్టములు 1993లోను, 2013లోను వచ్చినవి. కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబములో పుట్టి, ఆ పనిని నిర్మూలించుటకు జీవితమును ధారపోయుచున్న బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మాగ్సెసే పురస్కారము లభించినది. అదే ఏటి నిబంధనలు చెత్త ఏరువారిని గుర్తించి, సేకరణ ఏర్పాటులో వారికి స్థానము కల్పింపవలెనని చెప్పినవి.

కలిసిన చెత్తలో చేయి పెట్టినవారికి మొదట తగులునది పగిలిన గాజు, తరువాత సూది, ఆ తరువాత పగిలిన పాదరసపు దీపము. గాజును మందపు కాగితములో చుట్టి పైన వ్రాసి ఇచ్చుటకు ఇంటివారికి ఒక నిమిషము పట్టును. ఆ నిమిషము మిగుల్చుకొన్నచో దాని ఖరీదు మరియొకరి చేతి గాయము.

నేటి అటక

నేటి అటక మీద ఇత్తడి బిందె కంటె పాత టెలివిజను, చార్జరు తీగలు, చల్లారిన బ్యాటరీలు, మందు సీసాలు ఎక్కువ. వీనికి కూడ దారులు ఉన్నవి. ఇనుము, ఇత్తడి, అల్యూమినియము తూకమునకు పోవును. పాత అల్యూమినియమును కరగించుటకు ఖనిజమునుండి కొత్తది తీయుటకు కావలసిన శక్తిలో సుమారు నూటికి ఐదు వంతులే చాలును. కాగితపు నారను ఐదారు పర్యాయములు తిరిగి కాగితము చేయవచ్చును, ప్రతిసారి నార పొట్టియగును. పాత టెలివిజను గాజులో సీసము ఉన్నది, కనుక దానిని పగులగొట్టక ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి ఇవ్వవలెను. సీసపు బ్యాటరీ కొత్తది కొన్న దుకాణమునకే పోవలెను. కట్టుకొనదగిన బట్ట, చదువదగిన పుస్తకము ఇంకొకరి ఇంటికి పోవుట అన్నిటికంటె మేలు, ఏలయన అందులో కరగించు ఖర్చు కూడ లేదు. మంటకు మిగులునది రంగు లేని కొయ్య, పిడక. అవి చాలును.

ఉన్నత పాఠశాలలలో ఈ విషయమును ఒక గుంతతో బోధింపవచ్చును. మోకాలి లోతు గుంతలో ఒక విస్తరాకు, నూలు గుడ్డపీలిక, నోటుపుస్తకపు కాగితము, పాలిథీన్ సంచి, పాల ప్యాకెట్టు విడివిడిగా పాతి, గుర్తుగా పుల్లలు నాటి, వారమునకొకసారి తడిపి, నెలకొకసారి తవ్వి చూచి వ్రాసుకొనవలెను. దసరా సెలవుల తరువాత పాతినచో సంక్రాంతికి ఫలితము తెలియును. ఆకు ఉన్నచోట పుల్ల మిగులును. సంచి ఉన్నచోట సంచి మిగులును. భోగి నాటి వేకువను అటక దింపునప్పుడు ఏది మంటకు, ఏది బండికి, ఏది గుంతకు అను ప్రశ్నకు ఆ పిల్లలు తమ ఇంటిలో సమాధానము చెప్పగలరు.